మొరం వంగిన రోజు

మట్టి వంగుతుందని నాకు నలభై తొమ్మిదో ఏట తెలిసింది. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా మట్టి పరీక్షలే నా ఉద్యోగం. మట్టిని ఎండబెట్టాను, జల్లించాను, తూచాను, తడిపాను, కొట్టాను, నొక్కాను. అది వంగగలదని మాత్రం ఎరగను. ఎవరైనా అడిగి ఉంటే, మట్టి నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే విరుగుతుంది, మధ్యలో ఇంకేముంటుంది అని కసిరేదాన్ని. కసరడం నాకు బాగా వచ్చు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో, చర్చిలో, లేబ్‌లో అందరూ ఒప్పుకున్న విషయమే.

మా లేబ్ బోయిన్‌పల్లిలో, కూరగాయల మార్కెట్‌కి రెండు గల్లీల అవతల. పెద్ద రేకుల షెడ్డు, దానికి ఆనుకుని రెండు గదులు. పొద్దున సీతాఫల్‌మండిలో బస్సెక్కి వచ్చి గేటు తోసేసరికి వీధిలోంచి ఉల్లిపాయల వాసన, లోపలినుంచి తడిమట్టి వాసన ఒకేసారి తగులుతాయి. పనిచేసేది ముగ్గురం. సారు ఇంజనీరు, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, సగం రోజులు సైట్ల మీదే ఉంటారు. తూకం, కొలత, రిజిస్టరు నావి. ఇక మేస్త్రి. ఆయనది బొల్లారం, నాకంటే పదేళ్ళు పెద్ద. అచ్చుల్లో మట్టి పోసి దిమ్మిసతో కొట్టడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా కొడుతున్నారు. మట్టి నిండిందో లేదో చప్పుడుని బట్టి చెప్పేవారు, నేను కొలిచి చూస్తే ఆయన చెప్పినట్టే ఉండేది. అలా ఉండటం నాకు కొంచెం చిరాగ్గానే ఉండేది.

ఒక వానాకాలం మార్కెట్ వెనక గల్లీలో టమాటా లారీ దిగబడింది. దాన్ని లాగడానికి వచ్చిన లారీ కూడా దిగబడింది. ఆ పూట నేను మడమల దాకా టమాటా గుజ్జులో నడిచి లేబ్‌కి వెళ్ళాను, కాబట్టి ఆ రోజు నా కోపానికి కనీసం ఒక కారణం ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ గల్లీని తవ్వి మళ్ళీ వెయ్యాలనుకున్నారు. దూరం నుంచి రాయి తెచ్చి పరిచే బదులు, బొల్లారం వైపు దొరికే ఎర్ర మొరం మట్టిలోనే కాస్త సిమెంట్ కలిపి గట్టిగా కొట్టి, దాని మీద తారు వెయ్యాలని ఆలోచన. ఆ మొరం బరువుకి ఆగుతుందో లేదో తేల్చే పని మా లేబ్‌కి వచ్చింది. వంద పాళ్ళ మట్టికి ఐదు పాళ్ళ సిమెంట్. అంతే.

ఊరికే నొక్కి చూస్తే చాలదని సారు చెప్పారు. లారీ చక్రం మీదనుంచి పోతున్నప్పుడు కింద ఉన్న పొర పిసరంత వంగుతుంది. వంగితే దాని పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. నొక్కుడుకి మట్టి ఓర్చుకుంటుంది, ఎంత బరువైనా మోస్తూ కూర్చుంటుంది. లాగితేనే దాని బండారం బయటపడుతుంది. ఒక రేణువు పక్క రేణువుని పట్టుకుని ఉండే బలం మట్టికి దాదాపు లేదు. ఆ పట్టు సిమెంటే ఇవ్వాలి. అందుకే పగులు ఎప్పుడూ అడుగున, మన కంటికి కనపడని వైపు మొదలవుతుంది.

ఈ వంగుడు పరీక్ష మా లేబ్‌కి కొత్త. మొరం, సిమెంట్, నీళ్ళు కలిపి ఇనప అచ్చులో కొట్టి బీములు చెయ్యాలి. ఒక్కోటి మూరెడు పొడవు, బెత్తెడు మందం. వాటిని ఇరవై ఎనిమిది రోజులు తడి గోనెల కింద ఉంచాలి. తర్వాత ఒక్కోదాన్నీ రెండు కడ్డీల మీద పడుకోబెట్టి, పైనుంచి మరో రెండు కడ్డీలతో మెల్లగా నొక్కాలి. మా మిషన్ చేత్తో తిప్పేది. ఒక డయల్ ఎంత బరువు పడుతోందో చెబుతుంది. బీము నడుం కింద పెట్టిన రెండో డయల్ అది ఎంత వంగిందో చెబుతుంది. రెండింటిలోనూ సన్నని ముళ్ళు.

నాలుగు రోజులు, రోజుకి మూడు బీములు చెయ్యాలనుకున్నాం. మొదటిరోజు సారు వచ్చి పాళ్ళు చూసి సైట్‌కి వెళ్ళిపోయారు. నేను మొరం తూచాను, సిమెంట్ తూచాను, నీళ్ళు కొలిచి పోయించాను. మేస్త్రి పారతో తిరగేసి తిరగేసి కలిపి, దిమ్మిస అందుకున్నారు.

"ఆగండి," అన్నాను. "నానాలి."

ఇక్కడ మా మట్టిపరీక్షల వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మట్టిలో నీళ్ళు పోసి వెంటనే కొట్టకూడదు. నీరు గడ్డల లోపలి దాకా చేరాలి. నల్లరేగడి అయితే ఒక రాత్రంతా, మొరం అయితే కనీసం గంట, తడిగుడ్డ కప్పి నానబెట్టాలి. చపాతీపిండి కలిపి పక్కన పెట్టినట్టే. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి వారంలో నేర్పింది ఇదే. ఆత్రపడి కొట్టినందుకు ఒకసారి నా మట్టి మొత్తం పారబోయించారు కూడా. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు నేను ఈ నియమం ఒక్కరోజు తప్పలేదు. ఫోన్లో అలారం కూడా పెట్టుకునేదాన్ని.

మేస్త్రి దిమ్మిస కిందపెట్టి నిలబడ్డారు. "మేడం, ఇండ్ల సిమెంట్ వడ్డది. సిమెంట్ వడ్డంక ఆగరాదు. మాల్ గట్టివడ్తది," అన్నారు.

"ఇదేమన్నా గోడకి పూసే మాలా మేస్త్రీ? మట్టి పరీక్ష. మట్టి పద్ధతిలోనే చేస్తాం. మీరు కొట్టే పని చూసుకోండి, నానబెట్టే పని నాకు వదిలెయ్యండి."

ఆయన బయటికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి అచ్చు పక్కన గొంతుక్కూర్చున్నారు. గంట తర్వాత అలారం మోగింది. తడిగుడ్డ తీశాను. ఆయన కొట్టారు. కలిపిన టైము, కొట్టడం మొదలుపెట్టిన టైము నిమిషాలతో సహా రిజిస్టర్లో రాశాను. నా రిజిస్టరంటే నాకు గర్వం.

రెండో రోజూ అదే. మూడో రోజు నేను లేను. మా చర్చి పాటలబృందంలో నాకు స్వరం నేర్పిన ఆవిడ పోయారు, బొల్లారంలో సమాధి చేశారు, సెలవు పెట్టాను. ముందురోజు సాయంత్రమే మూడు బీములకి కావలసిన మొరం, సిమెంట్ తూచి సంచుల్లో కట్టి, నీళ్ళు సీసాల్లో కొలిచి, సిమెంట్ డబ్బాకి తాళం వేసి వెళ్ళాను. ఒకరి చేతికి తూకం అప్పగించే రకం కాదు నేను. నాలుగో రోజు మళ్ళీ వచ్చాను, మళ్ళీ నానబెట్టాను. పన్నెండు బీములూ గోనెల కింద వరసగా పడుకున్నాయి. రోజూ రెండుపూటలా మేస్త్రే వాటి మీద నీళ్ళు చల్లేవారు.

ఇరవై ఎనిమిది రోజులు నిండాయి. మొదటిరోజు బీములు మిషన్ మీద పెట్టినప్పుడు సారు కూడా ఉన్నారు. మేస్త్రి హ్యాండిల్ తిప్పుతున్నారు, నేను ముళ్ళు చదువుతున్నాను. పట్టుమని పది గీతలు కదలకుండానే బీము రెండు ముక్కలైంది. రెండోదీ అంతే. మూడోది అంతకంటే అన్యాయం. విరిగినచోట చూస్తే అటుకుల ఉండ విరిచినట్టు గుల్లగా, ఉండలు ఉండలుగా ఉంది. వేలితో గీకితే రాలింది. మర్నాడు రెండో రోజు బీములు కూడా అలాగే పోయాయి.

సారు ముక్కల్ని చేతిలో తిప్పి చూశారు. రిజిస్టర్లో తూకాలు చూశారు. "మేడమ్, వెయిట్ కూడా తక్కువే ఉంది. సరిగ్గా కొట్టలేదు, అంతే," అని నాతో మెల్లగా అన్నారు. తర్వాత మేస్త్రి వైపు చూశారు. అంతకుముందు ఏడాది మేస్త్రి స్కూటర్ మీదనుంచి పడి కుడిభుజం దెబ్బ తగిలించుకున్న సంగతి అందరికీ తెలుసు. చలికాలంలో ఆయన ఆ భుజాన్ని రుద్దుకుంటూ కనపడేవారు.

"మేస్త్రీ, భుజం తక్లీఫ్ ఇస్తుందా?" అన్నారు సారు.

"లేదు సార్."

"ఇస్తే చెప్పాలి కదా. ఎందుకంత కష్టం. వచ్చే నెల నుంచి గేటు కాడ కూర్చోండి. లారీలు, శాంపిళ్ళు ఎంట్రీ చూసుకోండి. దిమ్మిసకి ఇంకెవరినైనా చూస్తా."

సారు మంచిగానే అన్నారు. మేస్త్రి తల ఊపారు. సారు లోపలికి వెళ్ళాక ఆయన తన రెండు చేతులూ చూసుకుని, "గేటు కాడ కూసుంటే ఇవి ఏం జేయాలె?" అన్నారు. నాతో అన్నట్టు లేదు. చేతులతోనే అన్నట్టుంది.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. రిజిస్టర్లో చివరి గడిలో కారణం రాయాలి. "దిమ్మిస చాలలేదు" అని ఆ ఆరు బీములకీ ఎదురుగా రాశాను. ఇంగ్లీషులో రాశాను. మేస్త్రి పక్కనే ఉన్నారు. "ఏం రాసిన్రు మేడం?" అని అడిగారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ రిజిస్టర్ గురించి అడగడం నేను వినలేదు.

"ఉన్నదే రాశాను," అన్నాను.

మూడో రోజు సారు సైట్‌కి వెళ్ళారు. షెడ్డులో మేమిద్దరమే. నేను లేని రోజు చేసిన బీములు. నేనుండగా చేసినవే అలా పోతే ఇవి మిషన్ మీద పెడుతుండగానే విరుగుతాయనుకున్నాను. మేస్త్రి మొదటిదాన్ని కడ్డీల మీద పడుకోబెట్టి హ్యాండిల్ పట్టుకున్నారు. నేను స్టూల్ మీద కూర్చుని ముళ్ళ మీద కళ్ళు పెట్టాను.

బరువు ముల్లు పది గీతలు దాటింది. ముందు రెండు రోజుల బీములు చచ్చిన చోటు అది. దాటి పోతూనే ఉంది. డయల్ పాడైందేమోనని తట్టాను. పాడవలేదు. అప్పుడు కింది డయల్ చూశాను. దాని ముల్లు కదులుతోంది.

ఎంత నెమ్మదిగా అంటే, కదులుతోందో లేదో తెలియక నేను ఊపిరి బిగపట్టాను. ఒక గీత. మరో సగం గీత. వెంట్రుక మందంలో ఎన్నో వంతో అది. బీము వైపు చూస్తే చెక్కు చెదరలేదు, ఎర్రగా, గట్టిగా, కదలకుండా ఉంది. కానీ ముల్లు అబద్ధం చెప్పదు. నా ఎదురుగా మట్టి వంగుతోంది. బొల్లారం గుట్టల్లో పలుగుతో పెళ్ళగించిన మొరం, చేతిలో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయే మొరం, అడుగున సాగుతూ, పైన నొక్కుకుంటూ, మధ్యలో కోటానుకోట్ల రేణువులు ఒకదాన్నొకటి వదలకుండా పట్టుకుని ఉన్నాయి. ఒక్కటీ వదలడం లేదు. నా చేతుల మీద రోమాలు లేచాయి. చర్చిలో నాలుగు స్వరాలూ ఒక్కచోట కలిసినప్పుడు అలా అవుతుంది నాకు. ఇంకెక్కడా కాలేదు.

"మేస్త్రీ, ఆపండి," అన్నాను. ఆపారు. "వెనక్కి తిప్పండి."

ఆయన నా మొహం చూసి, వెనక్కి తిప్పారు. బరువు తగ్గింది. కింది ముల్లు కూడా ఎలా వెళ్ళిందో అలాగే వెనక్కి వచ్చి సున్నా మీద నిలబడింది. వంగిన మట్టి తిరిగి లేచి నిలబడింది. పరీక్షలో అలా చెయ్యమని ఎక్కడా లేదు. నాకు చూడాలనిపించింది, చూశాను. ఇంకోసారి చేయించాను. మళ్ళీ లేచింది. రోజూ ఎన్ని లారీలు పోయినా దీని మీద ఇదే జరుగుతుంది, ఎవరికీ కనపడకుండా.

తర్వాత చివరిదాకా తిప్పించాను. ముందు విరిగిన వాటికంటే రెండింతల పైన మోసి, ఒక్కసారి టప్పుమని నడుం దగ్గర విరిగింది. విరిగినచోట నున్నగా, ఒకే రంగుగా ఉంది. గీకితే గోరు అరిగింది తప్ప అది రాలలేదు. మిగతా రెండూ అలాగే మోశాయి.

ఆశ్చర్యం తీరాక నాకు వచ్చింది అనుమానం. నా బుద్ధి అది. "సిమెంట్ ఎక్కువ వేశారా?" అన్నాను.

మేస్త్రి మొహం మాడిపోయింది. "డబ్బాకు తాళం మీ తాన ఉండె మేడం."

నిజమే. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. సంచులు కట్టింది నేను. నీళ్ళు కొలిచింది నేను. మొరం అదే కుప్ప. అచ్చు అదే. కొట్టిన చెయ్యి అదే, దెబ్బ తగిలిన భుజం అదే. ఆ రోజు లేనిది ఒక్క నేనే. రిజిస్టర్లో ఆ రోజు పేజీ తీశాను. టైముల గడులు ఖాళీగా ఉన్నాయి.

"ఆ రోజు నానబెట్టారా?" అన్నాను.

ఆయన విరిగిన ముక్కల్ని ఏరి గోడ వారన పేరుస్తున్నారు. "మీరు లేరు గద. కలిపిన, ఎంటనే కొట్టిన."

స్టూల్ మీదే ఉండిపోయాను. గంటసేపు తడిగుడ్డ కింద ఆ సిమెంట్ ఏం చేసి ఉంటుందో ఒక్కొక్కటే అర్థమైంది. నీళ్ళు తగిలిన నిమిషం నుంచి అది రేణువుల్ని కలపడం మొదలుపెట్టింది. పాపం దాని పని అది చేసుకుంటోంది. సగం కలిశాక నేను గుడ్డ తీసి కొట్టండి అన్నాను. ఆయన ప్రతి దెబ్బా అది కట్టుకున్నదాన్ని పగలగొట్టింది. ఉండలు కట్టిన మాల్ ఎంత కొట్టినా దగ్గరకి రాలేదు. అందుకే గుల్ల, అందుకే తూకం తక్కువ. సీతాఫల్‌మండిలో మా వీధిలో గోడకి పూత వేసే ఏ కూలీని అడిగినా చెప్పేవాడు. మట్టి గురించి ఇరవై రెండేళ్ళు తెలిసినదాన్ని కనక నాకు తెలియలేదు.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను. అప్పుడు కూడా నా గొంతులో కసురే ఉంది.

"చెప్పిన. మొదటిరోజే చెప్పిన. మీరు కస్సుమన్నరు."

"నాకు సరే. సారుకి చెప్పొచ్చు కదా. గేటు దగ్గర కూర్చోబెడుతున్నా మాట్లాడలేదేం?"

ఆయన చేతులు దులుపుకుని నా వైపు తిరిగారు. "నేను చెప్తే సారు మిమ్మల్ని ఏడ కూసోబెడ్తడు మేడం? గేటు ఒక్కటే ఉన్నది," అన్నారు.

నవ్వించడానికే అన్నారనుకుంటా. నాకు నవ్వు రాలేదు. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తిప్పి నిలబడ్డాను.

మధ్యాహ్నం సారు ఫోన్ చేశారు. మూడో రోజు బీముల సంగతి చెప్పాను, అంకెలు మాత్రమే. ఆయన "మిగతావాటితో వీటికి అసలు సంబంధమే లేదు కదా మేడమ్. ఏదో తేడా వచ్చి ఉంటది. అవి మూడూ పక్కన పెట్టేద్దాం," అన్నారు.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సీతాఫల్‌మండి దాకా నేను ఆలోచించింది ఒక్కటే. పక్కన పెట్టేస్తే అయిపోతుంది. సారే చెప్పారు, నేను చెప్పలేదు. మొరం పనికిరాదని రాస్తాం, ఎక్కడినుంచో రాయి తెచ్చి వేస్తారు, గల్లీ ఎలాగూ బాగుపడుతుంది. మేస్త్రి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటారు, భుజానికి కూడా మంచిదే. నేను నా రిజిస్టర్‌తో, నా అలారంతో, నా పేరుతో అలాగే ఉంటాను. ఇదంతా ఎంత తేలికో తలుచుకుంటే భయం వేసింది. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే, రెండు చేతులు కనపడ్డాయి. ఇవి ఏం చేయాలె అని అడిగిన చేతులు. ఆమెన్ అనలేకపోయాను.

మర్నాడు సారు రాగానే లోపలికి వెళ్ళి నిలబడే చెప్పాను. "ఇవాళ నాలుగో రోజు బీములు పెడతాం. అవి కూడా పోతాయి. ఎందుకంటే వాటిని నేను నానబెట్టాను. మొదటి రెండు రోజులవీ నేనే నానబెట్టాను. మేస్త్రి మొదటిరోజే వద్దన్నారు, నేను నోరు మూయించాను. నిలిచినవి నేను లేని రోజు చేసినవి."

సారు లేచి షెడ్డులోకి వచ్చి తానే హ్యాండిల్ తిప్పారు. మూడు బీములూ పది గీతల్లోపే పోయాయి. నేను ముందే చెప్పినట్టు విరుగుతుంటే, ఒక్కో చప్పుడూ నాకు చెంపమీద పడ్డట్టుంది. సారు రిజిస్టర్ తీసి వెనక్కి తిప్పి చదివారు. "టైములన్నీ నిమిషాలతో రాసి ఉన్నాయి. నేను చూడలేదు. చూసుంటే మొదటిరోజే తెలిసేది," అన్నారు. ఆ మాట ఆయన అనాల్సిన పని లేదు. అన్నారు. అందుకే ఈరోజుకీ నాకు సారంటే గౌరవం.

గేటు మాట మాత్రం ఎత్తలేదు. "మళ్ళీ చేద్దాం. మళ్ళా అదే చెయ్యి కొట్టాలి. నెల తర్వాత చూసి చెప్తా," అన్నారు. న్యాయమే. కానీ ఆ నెలంతా మేస్త్రి ఒక కాలు గేటులో, ఒక కాలు షెడ్డులో పెట్టి ఉన్నట్టే ఉన్నారు.

కొత్త బీములు చేసిన రోజు నేను అలారం పెట్టలేదు. నీళ్ళు పోశాక తడిగుడ్డ కోసం నా చెయ్యి దానంతటదే వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. మేస్త్రి అది చూసి, చూడనట్టు ఊరుకున్నారు. గబగబా కలిపి అచ్చులో పోశారు. ఆయన కొడుతుంటే మొదటిసారి నేను కొలవకుండా విన్నాను. మొదట మొద్దుగా, పిండిబస్తా మీద కొట్టినట్టు చప్పుడు. పోనుపోను బిగుసుకుంటూ వచ్చి, చివరికి రాతిని తట్టినట్టు కంగుమంది. ఆయన ఆపారు. తూచి చూశాను. ఉండాల్సినంత ఉంది.

"నానబెట్టిన రోజు చప్పుడెలా ఉండేది?" అని అడిగాను.

"రెండు దెబ్బలకే కంగుమనేది మేడం. నిండకముందే నిండినట్టు. మోసం జేస్తది," అన్నారు. తర్వాత దిమ్మిస నా వైపు జరిపి, "జెర మీరు సుత కొట్టున్రి ఒకటి," అన్నారు. కొట్టాను. ఒక బీముకే నా రెండు భుజాలూ మూడు రోజులు నొప్పి పుట్టాయి. ఆయన దాన్ని ముప్పై ఏళ్ళు చేశారు.

ఇరవై ఎనిమిది రోజులు. ఈసారి నీళ్ళు నేను కూడా చల్లాను. ఆఖరిరోజు సారు హ్యాండిల్ దగ్గర, నేను ముళ్ళ దగ్గర, మేస్త్రి గోడకి ఆనుకుని దూరంగా నిలబడ్డారు. ఆయన మిషన్ వైపు కాకుండా నా మొహం వైపే చూస్తున్నారని నాకు తెలుసు. ముల్లు పది దాటింది. ఇరవై దాటింది. కింది ముల్లు ఒక గీత జరిగింది, ఇంకో సగం జరిగింది. అన్నీ తెలిసినా మళ్ళీ అదే ఆశ్చర్యం, మళ్ళీ రోమాలు లేచాయి. ఈ వయసులో, ఈ రేకుల షెడ్డులో, రోజూ తొక్కి తిరిగే మట్టి ముందు నేను నోరెళ్ళబెట్టి కూర్చున్నాను. సారు కూడా కిందికి వంగి డయల్ చూసి, "అరే," అని ఊరుకున్నారు. బీములు ఒక్కొక్కటీ నిలిచి, మోసి, ఆఖరికి శుభ్రంగా విరిగాయి. నేను కొట్టింది అన్నిటికంటే తక్కువ బరువుకే విరిగింది.

సారు ముక్క చేతిలోకి తీసుకుని గోరుతో గీకారు. "మేస్త్రీ, గేటు సంగతి మర్చిపోండి," అన్నారు. మేస్త్రి సరే సార్ అన్నారు. సారు రిపోర్టు రాయడానికి లోపలికి వెళ్ళారు.

నేను రిజిస్టర్ తెరిచి పాత పేజీకి వెళ్ళాను. ఆ ఆరు గడుల మీద చదవడానికి వీలుగా ఒక్క గీత మాత్రం కొట్టి, పక్కన మార్జిన్లో రాశాను, ఈసారి తెలుగులో. కింద సంతకం, తేదీ వేశాను. మేస్త్రి దిమ్మిస కడిగి తుడుస్తూ ఇటు చూశారు.

"ఏం రాసిన్రు మేడం?"

చదివి వినిపించాను. "దిమ్మిస సరిగ్గానే పడింది. మేస్త్రి వద్దన్నా సిమెంట్ కలిపిన మొరాన్ని నేను గంట నానబెట్టాను. తప్పు నాది."

ఆయన తుడవడం ఆపారు. నేను రాసిన మాట ఆయన్ని ఇంతగా నొప్పించిందనుకోలేదు ఆ నెలంతా, ఆయన ఎప్పటిలాగే వచ్చి ఎప్పటిలాగే వెళ్ళారు కనక. దిమ్మిస గోడకి ఆనించి, తలపాగా తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇంకొకసారి సదువున్రి," అన్నారు.

మొదటినుంచీ చదివాను. ఈసారి చివరి రెండు మాటల ముందు ఆగాను. ఆయన ఆ రెండు మాటలూ వినేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.